మొదటి అతుకుల బొంతకి ఏ బ్లాక్? అయిదు పాత నమూనాల పోలిక

గుడ్డలన్నీ ముచ్చటపడి కొని, ముక్కలు కోసి, సగం బ్లాకులు (గుడ్డ ముక్కలు కలిపి కుట్టిన చదరాలు, వీటిని పక్కపక్కన చేరిస్తేనే బొంత) కుట్టి, ఆపైన ఒక్క కుట్టు కూడా ముందుకు సాగక మూట కట్టి బీరువా పైన పెట్టేసినవాళ్లు నాకు చాలామంది తెలుసు. వాళ్లలో కుట్టు రానివాళ్లు తక్కువ. ఎక్కువమంది ఫొటోలో బొంత చూసి, ఆ అందానికి మనసు పడి, తమ చేతికి ఇంకా అలవాటు కాని బ్లాక్‌ని ఎంచుకున్నవాళ్లే. నేను కూడా మొదట నక్షత్రంతోనే మొదలుపెట్టాను. ఎనిమిది బ్లాకులు కుట్టాక కొలిస్తే ఏ రెండూ ఒకే కొలతలో లేవు. ఆ ఎనిమిదీ పక్కన పెట్టి, తొమ్మిది చదరాల నైన్ ప్యాచ్‌కి వచ్చాక మూడు వారాల్లో బొంత పైపొర పూర్తయింది.

అందుకే ఈ పోలికలో ఏ బ్లాక్ అందంగా ఉంటుందన్న ప్రశ్న పెట్టుకోలేదు. అన్నీ అందమైనవే, కాబట్టే నూరేళ్ల పైగా జనం కుడుతూ వస్తున్నారు. ఒక్కో బ్లాక్ మన చేతిని ఏం అడుగుతుంది, మన దగ్గరున్న గుడ్డని ఎలా వాడుకుంటుంది, ఎక్కడ తప్పు జరిగితే క్షమిస్తుంది అన్నదే చూస్తాను.

తీసుకున్న బ్లాకులు అయిదు: నైన్ ప్యాచ్, లాగ్ క్యాబిన్, చర్న్ డ్యాష్, ఓహియో స్టార్, షడ్భుజాల పూలు. లెక్కకి వీలుగా అన్నిటికీ సుమారు 63 అంగుళాల చదరపు బొంత అనుకుందాం. సోఫాలో కూర్చుని కాళ్ల మీద కప్పుకోవడానికి, చిన్నపిల్లల మంచానికి ఆ కొలత సరిపోతుంది.

## ముందు చూడాల్సినవి

కలవాల్సిన మూలలు. నన్నడిగితే అన్నిటికన్నా ముఖ్యం ఇదే. రెండు అతుకులు ఒకదానికొకటి ఎదురై సరిగ్గా ఒకే బిందువులో కలవాల్సిన చోట్లు బ్లాక్ లోపల ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. నైన్ ప్యాచ్‌లో నాలుగు. ఓహియో స్టార్‌లో ఎనిమిది. లాగ్ క్యాబిన్‌లో ఒక్కటి కూడా లేదు. ఏ పుస్తకంలోనైనా "తేలిక", "కష్టం" అని రాసిన మాట కంటే ఈ అంకె నిజం చెబుతుంది.

ఐమూల అంచులు. గుడ్డని నిలువు పోగు వెంట లాగితే సాగదు, అడ్డ పోగు వెంట కొద్దిగా సాగుతుంది. ఐమూలగా లాగితే రబ్బరులా సాగుతుంది. టైలర్లు క్రాస్ అనేది దీన్నే. చదరాలు, పట్టీలు మాత్రమే ఉన్న బ్లాకుల్లో ఈ బాధ లేదు. ముక్కోణాలు వచ్చిన చోటల్లా ఉంటుంది.

మీ దగ్గరున్న గుడ్డ ఏ రూపంలో ఉంది. మీటర్ల లెక్కన కొత్త కాటన్ ఉందా, పాత చొక్కాలు విప్పిన ముక్కలా, రెండంగుళాల వెడల్పున్న పీలికలా? గుడ్డని బట్టి బ్లాక్‌ని వెతకడం సులువు. బ్లాక్ కోసం గుడ్డ కొనడం ఖర్చు.

పనిముట్లు, సమయం. 1979లో ఓల్ఫా కంపెనీ రోటరీ కట్టర్ (చక్రంలా తిరుగుతూ కోసే బ్లేడు) తెచ్చేదాకా అందరూ అట్టముక్క పెట్టి గీసి, కత్తెరతో కోసినవాళ్లే. కాబట్టి కట్టర్, దాని కింద పరిచే మ్యాట్ లేవని ఆగక్కర్లేదు. కాకపోతే పట్టీలు కోసి కుట్టే పద్ధతి కట్టర్ ఉంటేనే కలిసొస్తుంది.

ఇంకొకటి: అన్ని బ్లాకులకీ ఉమ్మడిగా, కుట్టులోకి పోయే గుడ్డ పావు అంగుళం. బట్టలు కుట్టడం బాగా వచ్చినవాళ్లు ఇక్కడే ఇబ్బంది పడతారు, ఎందుకంటే వాళ్ల చేయి అరంగుళానికో అంతకన్నా ఎక్కువకో అలవాటు పడి ఉంటుంది. ఏ బ్లాకైనా మొదలుపెట్టేముందు ఒక పరీక్ష చేయండి. 1½ అంగుళాల వెడల్పున్న పట్టీలు మూడు పక్కపక్కన కుట్టి, ఇస్త్రీ చేసి, మధ్య పట్టీని కొలవండి. సరిగ్గా 1 అంగుళం రావాలి. తక్కువ వస్తే మీ కుట్టు ఎక్కువ గుడ్డ తింటోంది. స్కేలు పెట్టి మిషన్ ప్లేటు మీద పావు అంగుళం దగ్గర టేపు అంటించి, దాని వెంట గుడ్డ నడిపించండి. మళ్లీ కుట్టి కొలవండి. ఈ పరీక్షకి పది నిమిషాలు పడుతుంది. నా ఎనిమిది నక్షత్రాలూ ఆ పది నిమిషాలు వెచ్చించకనే పాడయ్యాయి.

## నైన్ ప్యాచ్

మూడు వరుసలు, వరుసకి మూడు చదరాలు. పూర్తయ్యాక 9 అంగుళాలు రావాలంటే ఒక్కో చదరం 3½ అంగుళాలు కోయాలి. ముదురు, లేత, ముదురు ఒక వరుస. లేత, ముదురు, లేత రెండోది. మూడోది మళ్లీ మొదటిదే.

ఈ బ్లాక్‌లో నాకు బాగా నచ్చేది ఇస్త్రీ దగ్గర జరుగుతుంది. ప్రతి అతుకునీ ముదురు గుడ్డ వైపుకే వాల్చి ఇస్త్రీ చేస్తే, మొదటి వరుసలో అతుకులు బయటికి వాలతాయి, రెండో వరుసలో లోపలికి వాలతాయి. ఇప్పుడు రెండు వరుసలని ముఖాముఖి పెట్టి, అతుకు ఉన్నచోట బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని మెల్లిగా అటూ ఇటూ జరపండి. ఒక చోట ఈ అతుకు మందం ఆ అతుకు మందానికి తగిలి ఆగిపోతుంది, తలుపు గడియ పడ్డట్టు. కళ్లు మూసుకుని కూడా అది తెలుస్తుంది. అక్కడ గుండుసూది గుచ్చి కుట్టేయండి, మూల కలుస్తుంది. మొదటి బొంతలోనే వేళ్లకి ఈ స్పర్శ అలవాటైతే ఆ తర్వాత ఏ బ్లాక్‌కైనా పనికొస్తుంది.

63 అంగుళాల బొంతకి నైన్ ప్యాచ్ బ్లాకులు 25, వాటి మధ్య సాదా చదరాలు 24 చాలు. వరుసకి ఏడు, ఏడు వరుసలు. నాలుగు మూలల్లోనూ నైన్ ప్యాచ్ వస్తుంది కాబట్టి చూడ్డానికి కుదురుగా ఉంటుంది. మొత్తం ముక్కలు 249 మాత్రమే. పట్టీల పద్ధతిలో ఇంకా తొందరగా అవుతుంది. 3½ అంగుళాల వెడల్పు, 40 అంగుళాల పొడవున్న పట్టీలు మూడేసి కలిపి కుట్టి, వాటిని అడ్డంగా 3½ అంగుళాలకి ఒకటి చొప్పున కోస్తే ఒక్కో జతనుంచి 11 వరుసలు వస్తాయి. 25 బ్లాకులకి ముదురు పట్టీలు 13, లేత పట్టీలు 11 పడతాయి.

జాగ్రత్త పడాల్సింది ఒక్కటే. కుట్టు ప్రతిసారీ పదహారో వంతు అంగుళం ఎక్కువ తింటే, రెండు అతుకుల్లో కలిపి పావు అంగుళం పోతుంది. 9½ రావాల్సిన బ్లాక్ (పక్కవాటితో కలిపాక 9 అయ్యేది) 9¼ వస్తుంది. మీరు ముందే 9½కి కోసి పెట్టుకున్న సాదా చదరంతో అది కలవదు. అందుకే బ్లాకులన్నీ కుట్టి, కొలిచి, వాటికి తగ్గట్టు సాదా చదరాలు కోయండి. ఈ ఒక్క మాట పాటిస్తే బొంత ఎక్కడా ముడతలు పడదు.

కాస్త మామూలుగా ఉంది అనిపిస్తే, కుట్టిన బ్లాక్‌ని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి సరిగ్గా మధ్యకి కోసి, నాలుగు ముక్కల్లో రెండింటిని తిప్పి మళ్లీ కుట్టొచ్చు. డిజప్పియరింగ్ నైన్ ప్యాచ్ అంటారు. అది నైన్ ప్యాచ్ నుంచి వచ్చిందని చెబితే గానీ తెలియదు.

## లాగ్ క్యాబిన్

లాగ్ క్యాబిన్ అంటే దుంగలతో కట్టిన ఇల్లు. మధ్యలో ఒక చదరం, దాని చుట్టూ ఒకే దిశలో తిరుగుతూ పట్టీలు. మొదట రెండు లేత పట్టీలు, తర్వాత రెండు ముదురు పట్టీలు, మళ్లీ లేతవి. పూర్తయ్యేసరికి బ్లాక్ ఐమూలగా సగం వెలుగు, సగం నీడ అవుతుంది. అమెరికాలో 1860ల నుంచి ఇది బాగా వ్యాపించింది. మధ్య చదరానికి ఎర్ర గుడ్డ పెట్టడం పాత ఆనవాయితీ. అది ఆ దుంగల ఇంట్లో పొయ్యి నిప్పుకి గుర్తని చెప్పుకుంటారు.

కొలతలు ఇలా పెట్టుకోండి: మధ్య చదరం 2½ అంగుళాలు, పట్టీలు 1½ అంగుళాలు. మూడు చుట్లు తిరిగితే 12 పట్టీలు, 8 అంగుళాల బ్లాక్ (పక్కవాటితో కలపకముందు 8½). వరుసకి ఎనిమిది చొప్పున బొంతకి 64 బ్లాకులు, ముక్కలు 832. అంకె చూసి భయపడకండి. ఎందుకంటే ఇందులో ఏ అతుకూ మరో అతుకుని కలవాల్సిన పని లేదు. పట్టీ పెట్టు, కుట్టు, మిగిలిన పొడవు కత్తిరించు, ఇస్త్రీ చెయ్యి, తిప్పు. చేతికి ఒక లయ వచ్చేశాక ఒక సాయంత్రం నాలుగైదు బ్లాకులు లేస్తాయి.

అయితే తప్పు పేరుకునే పద్ధతి వేరు. నైన్ ప్యాచ్‌లో రెండు అతుకులు, ఇక్కడ అటు మూడు ఇటు మూడు, ఆరు. పదహారో వంతు తేడా ఉన్నా బ్లాక్ మొత్తం మీద ముప్పావు అంగుళం తగ్గిపోతుంది. అన్ని బ్లాకులూ ఒకేలా తగ్గితే నష్టం లేదు, అన్నీ 7¾ అయితే అలాగే కలిపేయొచ్చు. ఒకటి 8¼, ఒకటి 7¾ అయితేనే చిక్కు. దీనికి నేను చేసే పని: ఆఖరి చుట్టు పట్టీలు మాత్రం పావు అంగుళం వెడల్పుగా కోసి కుట్టి, ఆ తర్వాత అన్ని బ్లాకులనీ 8½కి సరి చేస్తాను. బయటి పట్టీలు ఒక నూలు లావో సన్నమో అయినా ఎవరి కంటికీ తెలియదు.

గుడ్డ విషయంలో ఒక తిరకాసు ఉంది. లాగ్ క్యాబిన్‌ని పీలికల బొంత అంటారు గానీ, అది గుడ్డ బాగా తినే బ్లాక్. 64 చదరపు అంగుళాల బ్లాక్‌కి సుమారు 105 చదరపు అంగుళాల గుడ్డ పోతుంది, ఎందుకంటే సన్నటి పట్టీలో మూడో వంతు కుట్టులోకే వెళ్తుంది. ఉన్న పీలికలు వాడేవాళ్లకి ఇది లెక్కలోకి రాదు. కొత్త గుడ్డ కొని పీలికలు చేసేవాళ్లు మాత్రం ముందే తెలుసుకోవాలి.

ఇక దీని అసలు బలం. బ్లాకులన్నీ ఒకటే అయినా, తిప్పి పరిచే తీరుని బట్టి బొంత మారిపోతుంది. స్ట్రెయిట్ ఫర్రో అంటే నాగటి చాళ్లలా ఐమూల గీతలు. బార్న్ రైజింగ్ అంటే నడిమధ్య నుంచి ఒకదాని చుట్టూ ఒకటి పెరిగే వజ్రాకారాలు. సన్‌షైన్ అండ్ షాడో అంటే చిన్న చిన్న వజ్రాలు. కుట్టడం అయ్యాక నేల మీద పరిచి, రోజుకొక రకంగా తిప్పి చూసుకోవచ్చు. ఈ వెసులుబాటు మిగతా బ్లాకుల్లో ఇంతగా లేదు. వరుసకి ఎనిమిది బ్లాకులని చెప్పింది అందుకే, సరిసంఖ్య ఉంటేనే బార్న్ రైజింగ్ నడిమధ్య కుదురుతుంది.

కిటికీలో లాగ్ క్యాబిన్ బొంత ఆరవేస్తే, పారిపోయి వస్తున్న బానిసలకి అది రహస్య సంకేతమని ఒక కథ తిరుగుతూ ఉంటుంది. చరిత్రకారులు దాన్ని ఒప్పుకోరు, ఆ కాలంనుంచి ఆధారం ఏదీ దొరకలేదు. బ్లాక్ ఎంచుకోవడానికి ఆ కథ కారణం కానవసరం లేదు.

కొలతల టెన్షన్ అసలు పడలేని వాళ్లకి దీని చుట్టమే ఇంకొకటి ఉంది, హౌస్‌టాప్. అలబామాలోని జీస్ బెండ్ అనే పల్లెలో నల్లజాతి స్త్రీలు పాత పని బట్టలతో కుట్టిన బొంతల్లో ఇది ఎక్కువ. ఒక ముక్క చుట్టూ చేతికి దొరికిన పట్టీలు, దొరికిన వెడల్పులో, బొంత అంతా ఒకే బ్లాక్ అయ్యేదాకా పెంచుకుంటూ పోవడమే. గీతలు వంకర పోతాయి. ఆ వంకరలోనే దాని అందం ఉంది. 2002లో న్యూయార్క్ విట్నీ మ్యూజియం ఆ బొంతలని గోడల మీద వేలాడదీసింది, 2006లో వాటి బొమ్మలతో అమెరికా తపాలా బిళ్లలు వచ్చాయి. పాత జీన్స్, చొక్కాలు కుప్పగా ఉన్నవాళ్లు దీన్ని తప్పకుండా ఆలోచించండి.

## చర్న్ డ్యాష్

చర్న్ డ్యాష్ అంటే చల్ల చిలికే కవ్వం. నాలుగు మూలల్లో ముక్కోణాల జంటలు, నాలుగు పక్కల రెండేసి పట్టీలు, మధ్యలో ఒక చదరం. ఇదే బ్లాక్‌కి మంకీ రెంచ్, హోల్ ఇన్ ది బార్న్ డోర్ అని కూడా పేర్లున్నాయి, కాబట్టి నమూనా వెతికేటప్పుడు తికమక పడకండి.

చదరాల నుంచి ముక్కోణాలకి వెళ్లాలనుకునేవాళ్లకి ఇది సరైన మెట్టు. మూలలో రావాల్సిన జంట ముక్కోణం కోసం లేతది, ముదురుది చెరో చదరం ముఖాముఖి పెట్టి, ఐమూలగా గీత గీసి, ఆ గీతకి రెండు వైపులా పావు అంగుళం దూరంలో కుట్టి, గీత మీద కోస్తే రెండు జంటలు వస్తాయి. లెక్క ప్రకారం 3⅞ అంగుళాలు కోయాలి. నేను 4 అంగుళాలు కోసి, కుట్టాక 3½కి సరిచేస్తాను. కాస్త గుడ్డ పోయినా ప్రతి జంటా చదరంగా నిలబడుతుంది. ఇస్త్రీ పెట్టెని రుద్దకండి, పెట్టి ఎత్తండి. రుద్దితే ఐమూల సాగి మూల పక్కకి పోతుంది.

పక్కల పట్టీలు 2 అంగుళాల వెడల్పున రెండు కలిపి కుట్టి 3½కి కోస్తే సరి. ఆ రెండు పట్టీల మధ్య అతుకు పక్కనున్న ముక్కోణంలో దేనినీ కలవక్కర్లేదు, ఈ బ్లాక్ క్షమించే గుణమంతా అక్కడే ఉంది. మధ్య చదరంలో పెద్ద పువ్వో పిట్టో ఉన్న అచ్చు గుడ్డని చూపించుకోవచ్చు. ఒకే ఒక అందమైన గుడ్డ ముక్క దాచుకుని, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనివాళ్లకి ఇదే సమాధానం.

## ఓహియో స్టార్

నా మొదటి ప్రేమ, ఇప్పటికీ ఇష్టమైనది. తొమ్మిది గళ్లలో అయిదు సాదా చదరాలు, నాలుగు గళ్లు మాత్రం ఒక్కొక్కటీ నాలుగు చిన్న ముక్కోణాలు. ఆ నాలుగు గళ్లే నక్షత్రం కోణాలు.

కష్టం ఎక్కడుందో చూడండి. ఒక్కో గడి నడిమధ్య నాలుగు ముక్కోణాలు ఒకే బిందువులో కలవాలి. అవి నాలుగు. గళ్లు కలిసే మూలలు ఇంకో నాలుగు, అందులోనూ ఐమూల అతుకు సరిగ్గా ఆ మూలలోకే రావాలి. ఒక నూలు పక్కకి వెళ్లినా నక్షత్రం కొన మొండిగా తెగినట్టు కనిపిస్తుంది, కన్ను నేరుగా అక్కడికే పోతుంది. నైన్ ప్యాచ్‌లో అదే తేడా వస్తే ఎవరూ గమనించరు.

కుట్టాలనుకుంటే ఈ పద్ధతి పాటించండి. లెక్క 4¼ అంగుళాల చదరం అంటుంది, మీరు 4½ కోయండి. పైన చెప్పినట్టు జంట ముక్కోణాలు చేసి, అలాంటివి రెండు లేతా ముదురూ ఎదురెదురుగా వచ్చేలా పెట్టి, అతుకులు గడియ పడ్డాక, మళ్లీ ఐమూలగా గీసి రెండు వైపులా కుట్టి కోయండి. ఇప్పుడు సరిచేయడం ముఖ్యం. స్కేలు మీద 1¾ అంగుళాల బిందువు సరిగ్గా నాలుగు ముక్కోణాల నడుమ పెట్టి, స్కేలు ఐమూల గీత అతుకు వెంట పడేలా తిప్పి, రెండు పక్కలు కోయండి. తిప్పి మిగతా రెండు పక్కలు కూడా అలాగే, 3½ అంగుళాల చదరం వచ్చేదాకా. నడుమ బిందువు అన్ని వైపులా సమదూరంలో ఉంటే కొనలు వాటంతట అవే మూలల్లోకి వస్తాయి.

మొదటి బొంత అంతా నక్షత్రాలే వద్దు. నాలుగో అయిదో నక్షత్రాలు, మిగతావి నైన్ ప్యాచ్‌లు కలిపి పెట్టొచ్చు, రెండూ 9 అంగుళాల మూడు గళ్ల బ్లాకులే కాబట్టి పక్కపక్కన చక్కగా కూర్చుంటాయి.

## షడ్భుజాల పూలు

మిషన్ లేనివాళ్లకి, ప్రయాణాల్లో, ఎవరికోసమో ఎదురుచూస్తూ కూర్చునే గంటల్లో కుట్టుకోవాలనుకునేవాళ్లకి. కాగితం షడ్భుజం మీద గుడ్డ మడిచి, పొడుగు కుట్లతో తాత్కాలికంగా పట్టించి, అలాంటివి అంచుకి అంచు ఆనించి సన్నటి కుట్లతో కలిపి, చివర కాగితం తీసేయాలి. 1835లోనే అమెరికాలో గోడీస్ లేడీస్ బుక్ అనే పత్రిక ఈ షడ్భుజాల నమూనా అచ్చువేసింది. నడుమ ఒకటి, చుట్టూ ఆరు, వాటి చుట్టూ పన్నెండు, మొత్తం 19 షడ్భుజాల పువ్వు 1920లు, 30లలో గ్రాండ్‌మదర్స్ ఫ్లవర్ గార్డెన్ పేరుతో ఇంటింటా కుట్టారు.

ఆకారాన్ని కాగితమే పట్టి ఉంచుతుంది కాబట్టి ఐమూల సాగడం, మూలలు తప్పడం అన్న భయం లేదు. కొలత తప్పే అవకాశం అయిదింటిలోకీ ఇక్కడే తక్కువ. అడిగేది ఓపికని. ఒక అంగుళం భుజమున్న షడ్భుజాలు మన బొంతకి సుమారు 1,500 కావాలి. రోజుకి పది చొప్పున కుట్టి కలిపినా అయిదు నెలలు. ఒక్కోదానికి 2½ అంగుళాల చదరపు ముక్క చాలు కాబట్టి ఎంత చిన్న గుడ్డ ముక్కైనా వృథా కాదు.

## ఒక్కచోట చూస్తే

| బ్లాక్ | సుమారు 63 అంగుళాల బొంతకి ముక్కలు | బ్లాక్ లోపల కలవాల్సిన మూలలు | ఐమూల | బ్లాక్ వైశాల్యానికి ఎన్ని రెట్లు గుడ్డ |
|---|---|---|---|---|
| నైన్ ప్యాచ్ (మధ్య మధ్య సాదా చదరాలు) | 249 | 4 | లేదు | సుమారు 1.4 |
| లాగ్ క్యాబిన్ | 832 | 0 | లేదు | సుమారు 1.6 |
| చర్న్ డ్యాష్ (మధ్య మధ్య సాదా చదరాలు) | 449 | 4 | మూలల్లో | సుమారు 1.6 |
| ఓహియో స్టార్ (మధ్య మధ్య సాదా చదరాలు) | 549 | 8 | ఎక్కువ | సుమారు 1.65 |
| షడ్భుజాలు | సుమారు 1,500 | కాగితం చూసుకుంటుంది | కాగితం చూసుకుంటుంది | చదరపు ముక్కలు వాడితే 2.4 |

చర్న్ డ్యాష్, ఓహియో స్టార్ గుడ్డ లెక్కలు కచ్చితమైన కొలతలకి వేసినవి. నేను చెప్పినట్టు కాస్త పెద్దగా కోసి సరిచేస్తే ఇంకొంచెం పడుతుంది.

## ఎవరికి ఏది

పుట్టబోయే బిడ్డకోసమో పెళ్లికోసమో తేదీ పెట్టుకుని కుడుతున్నారా? నైన్ ప్యాచ్, వేరే ఆలోచన వద్దు. బిడ్డకైతే వరుసకి అయిదు చొప్పున 25 గళ్లు చాలు: 13 నైన్ ప్యాచ్‌లు, 12 సాదా చదరాలు, 45 అంగుళాల బొంత. రెండు సెలవు దినాల్లో పైపొర అయిపోతుంది.

ఇంటినిండా కుట్టుపని మిగుళ్లు ఉన్నవాళ్లు లాగ్ క్యాబిన్ తీసుకోండి. కానీ ముందు గుడ్డలని లేతవి, ముదురువి అని రెండు కుప్పలుగా విడదీయండి. ఎటూ కానివి చాలా ఉంటాయి. ఫోన్‌తో బ్లాక్ అండ్ వైట్ ఫొటో తీస్తే ఏది ఎటో తేలిపోతుంది. అప్పటికీ తేలనివి ఈ బొంతలో వాడొద్దు. ఒక్క పట్టీ తప్పు వైపు పడితే వెలుగు నీడల గీత అక్కడ తెగిపోతుంది, అది దూరం నుంచే కనిపిస్తుంది.

బట్టలు కుట్టడంలో చేయి తిరిగినవాళ్లు తిన్నగా చర్న్ డ్యాష్‌కి వెళ్లొచ్చు. మీకు క్రాస్ గుడ్డ స్వభావం తెలుసు, ఇస్త్రీ తెలుసు. పావు అంగుళం ఒక్కటే కొత్త.

చూపు కొద్దిగా మందగించినవాళ్లు, వేళ్ల నొప్పులున్నవాళ్లు షడ్భుజాల జోలికి పోకపోవడం మేలు, అందులో ప్రతి కుట్టూ చేత్తో సన్నగా వేయాల్సిందే. పట్టీల పద్ధతిలో నైన్ ప్యాచ్ వాళ్లకి సుఖం. చేతికుట్టే ఇష్టమైతే అదే నైన్ ప్యాచ్‌ని గీత గీసుకుని సాదా రన్నింగ్ కుట్టుతో కుట్టుకోవచ్చు, నూరేళ్ల కిందట చాలామంది అలాగే కుట్టారు.

ఎప్పుడో ఒకప్పుడు నక్షత్రాల బొంత కుట్టాలన్నదే కల అయితే, ఆ కలని వదులుకోవద్దు. చర్న్ డ్యాష్ ఒకటి పూర్తి చేసి, ఆ తర్వాత నక్షత్రం.

## పైపొర అయ్యాక వచ్చే తేడా

చాలామంది ఇది చివర్లో ఆలోచిస్తారు, బ్లాక్ ఎంచుకునేటప్పుడే ఆలోచించాలి. పైపొర, మధ్యలో దూది పొర, అడుగు గుడ్డ, మూడూ కలిపి కుట్టేటప్పుడు అతుకులు ఎక్కువున్న చోట సూది దిగదు. లాగ్ క్యాబిన్‌లో అంగుళానికొక అతుకు ఉంటుంది కాబట్టి చేత్తో కుట్టడం కష్టం. మిషన్ మీద అతుకుల పక్కనే తిన్నగా కుట్టడమో, లావు దారంతో అక్కడక్కడా ముడులు వేయడమో చేయండి. నైన్ ప్యాచ్‌లోని సాదా చదరాలు దీనికి పూర్తిగా వ్యతిరేకం, చేతికుట్టుతో పువ్వులో తీగలో వేసుకోవడానికి ఖాళీ జాగాలు అవి. షడ్భుజాల్లో ప్రతి అంచు దగ్గరా అతుకే కాబట్టి మధ్యపొర పలచగా ఉండాలి.

మధ్యపొర కాటన్‌దైతే ఉతికాక కాస్త కుంచించుకుపోయి బొంతకి పాతకాలపు సన్నటి ముడతలు వస్తాయి. నైన్ ప్యాచ్‌కి, లాగ్ క్యాబిన్‌కి అవి నిండుదనం ఇస్తాయి. నక్షత్రం కొనలు పదునుగా కనిపించాలనుకుంటే పాలిస్టర్ పొర నయం, అది అంతగా ముడుచుకోదు. ప్యాకెట్ మీద ఎన్ని అంగుళాలకొక కుట్టు ఉండాలో రాసి ఉంటుంది, అది చదివే కొనండి. 9 అంగుళాల సాదా చదరం వదిలేసి చుట్టూ మాత్రమే కుడితే కొన్ని రకాల దూది లోపల ఉండకట్టేస్తుంది.

ఇప్పటికీ రెండిటి మధ్య తేల్చుకోలేకపోతే, మీ దగ్గరున్న గుడ్డతోనే ఆ రెండు బ్లాకులూ రెండేసి చొప్పున కుట్టండి. ఒకటి కుట్టేటప్పుడు గడియారం వైపు ఎన్నిసార్లు చూశారో, రెండోది కుట్టేటప్పుడు ఎన్నిసార్లు విప్పారో గుర్తుంచుకోండి. నేల మీద పరిచి, గది అవతలి గోడ దాకా వెళ్లి చూడండి. మిగిలిన రెండు బ్లాకులు దిండు గలీబుకి రెండు వైపులా సరిపోతాయి.